ఐస్ పెట్టెలో వచ్చిన రక్తం, వాన్ విలిబ్రాండ్ వ్యాధి అన్న రిపోర్టు: ఒక కేస్ స్టడీ

ఖమ్మం జిల్లాలోని ఒక పట్టణం నుంచి 16 ఏళ్ల అమ్మాయిని తల్లిదండ్రులు మే నెలలో హైదరాబాద్‌లోని మా రక్తపరీక్షల విభాగానికి తీసుకువచ్చారు. రజస్వల అయినప్పటి నుంచీ ఆమెకు నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులపాటు సాగుతోంది. మొదటి మూడు రోజులు రాత్రి నిద్రలో లేచి మరీ ప్యాడ్ మార్చుకోవలసినంత రక్తస్రావం అవుతోంది. హిమోగ్లోబిన్ 8.2 గ్రాములు, శరీరంలోని ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 6 నానోగ్రాములు ఉన్నాయి. అక్కడి స్త్రీవైద్య నిపుణురాలు ఐరన్ మాత్రలు రాసి పంపేయకుండా, ఈ వయసులో ఇంత రక్తస్రావం ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే ప్రక్రియలోనే లోపం ఉండవచ్చునని అనుమానించి ఆ పరీక్షలు చేయించమన్నారు. ఆమె ఆలోచన పూర్తిగా సరైనదని ముందే చెప్పాలి. అధిక నెలసరితో వచ్చే కౌమార వయసు అమ్మాయిల్లో, గాయానికి ప్లేట్‌లెట్లను అతికించే విలిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ తక్కువైన, లేదా సరిగా పనిచేయని వాన్ విలిబ్రాండ్ వ్యాధి కోసం వెతకడం ఎంతో అవసరం. మన దగ్గర అది జరగవలసినంతగా జరగడం లేదు.

వచ్చిన రిపోర్టు

ఊళ్లోని కలెక్షన్ సెంటర్‌లో తీసిన రక్తం హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌కు చేరింది. అక్కడి నుంచి వచ్చిన రిపోర్టులో పీటీ, అంటే ట్యూబులో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం, 10.9 సెకన్లు అని ఉంది. ఆ ల్యాబ్ ఇచ్చిన సాధారణ పరిమితి 11.5 నుంచి 14 వరకు. గడ్డకట్టే సమయాన్నే మరో దారిలో కొలిచే ఏపీటీటీ 43 సెకన్లు, దాని పరిమితి 26 నుంచి 36. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో ఒకటైన ఎనిమిదో ఫ్యాక్టర్ 31 శాతం, విలిబ్రాండ్ ఫ్యాక్టర్ యాంటిజెన్, అంటే దాని పరిమాణం, 42 శాతం, రిస్టోసెటిన్ అనే రసాయనంతో చూసిన అదే ఫ్యాక్టర్ పనితీరు 18 శాతం. ప్లేట్‌లెట్లు 78,000. కింద వ్యాఖ్యగా, ఇది వాన్ విలిబ్రాండ్ వ్యాధి రెండో రకానికి సరిపోతోందనీ, ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉన్నందువల్ల 2బి రకాన్ని పరిశీలించాలనీ రాశారు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రక్తవైద్యుడైనా మొదట అదే మాట అంటాడు. విలిబ్రాండ్ ఫ్యాక్టర్ ఎంత ఉంది అన్నది ఒక ప్రశ్న, ఉన్నది ఎంత పనిచేస్తోంది అన్నది మరో ప్రశ్న. పనితీరును పరిమాణంతో భాగిస్తే ఇక్కడ 0.43 వస్తోంది. ఆ నిష్పత్తి 0.7 కంటే తగ్గితే ఉన్న ఫ్యాక్టర్ కూడా సరిగా పనిచేయడం లేదని, అంటే రెండో రకమని అర్థం. అందులో 2బి రకం విచిత్రమైనది. జన్యుమార్పు వల్ల విలిబ్రాండ్ ఫ్యాక్టర్ అవసరం లేని చోట కూడా ప్లేట్‌లెట్లను తనంతట తానే పట్టుకుంటుంది. అలా పట్టుకున్న ప్లేట్‌లెట్లూ, పెద్ద పరిమాణంలోని ఫ్యాక్టర్ అణువులూ రెండూ రక్తప్రవాహం నుంచి తొలగిపోతాయి. కాబట్టి తగ్గిన నిష్పత్తి, తగ్గిన ప్లేట్‌లెట్లు ఒకే చోట కనిపిస్తే 2బి గుర్తుకు రావడం సహజం. రిపోర్టు రాసినవారి తర్కంలో లోపం లేదు. ఆ తర్కానికి ఆధారమైన అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

ఈ ముద్ర పడితే జీవితంలో చాలా మారుతుంది. స్వల్ప రకాల వాన్ విలిబ్రాండ్ వ్యాధిలో వాడే డెస్మోప్రెసిన్‌ను 2బి రకంలో సాధారణంగా వాడరు, దానివల్ల ప్లేట్‌లెట్లు మరింత పడిపోవచ్చు. చిన్న ఆపరేషన్‌కు కూడా విలిబ్రాండ్ ఫ్యాక్టర్ ఉన్న ఖరీదైన కాన్సన్‌ట్రేట్ సిద్ధం చేసుకోవాలి. కాన్పు ఎక్కడ చేయించుకోవాలో కూడా దీన్ని బట్టే నిర్ణయించాలి. అన్నిటికీ మించి ఇంట్లో మాటలు మొదలవుతాయి. తల్లి ఫైలు నా ముందు పెట్టి మొదట అడిగిన ప్రశ్న ఇదే: "మాది మేనరికమండీ మేడమ్. దానివల్లే వచ్చిందా? మా అత్తగారు అదే అంటున్నారు. చిన్నవాడికి కూడా చేయించమన్నారు, వాడికీ ఉంటుందా?"

మేనరికపు సంబంధాల్లో ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ లోపం రావలసిన మూడో రకం వాన్ విలిబ్రాండ్ వ్యాధికి అవకాశం పెరుగుతుంది. 2బి అలా కాదు, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. అయితే ఆ ఒకరిలో కూడా ఏదో ఒక రక్తస్రావ చరిత్ర ఉండాలి. ఈ తల్లికి రెండు కాన్పులు అయ్యాయి, రెండోది సిజేరియన్, దేనిలోనూ రక్తం ఎక్కించవలసి రాలేదు. తండ్రికి దవడ పన్ను తీసినప్పుడు సాయంత్రానికే రక్తం ఆగిపోయింది. అమ్మాయిని కూడా వివరంగా అడిగాను. చెవులు కుట్టించినప్పుడు, తరువాత ముక్కు కుట్టించినప్పుడు, పాలపళ్లు ఊడినప్పుడు ప్రత్యేకంగా రక్తం కారిన గుర్తు ఎవరికీ లేదు. ముక్కు నుంచి రక్తం రాదు, చిగుళ్ల నుంచి రాదు, ఒంటి మీద కమిలిన మచ్చలు లేవు. మన ఇళ్లలో ప్రతి ఆడపిల్లకూ చెవులు కుట్టిస్తారు కాబట్టి, రక్తస్రావ చరిత్ర అడిగేటప్పుడు అది చాలా విలువైన ప్రశ్న. జన్యుమార్పు ఈ అమ్మాయిలోనే కొత్తగా వచ్చి ఉండవచ్చు గనుక చరిత్ర ఒక్కదానితో వ్యాధి లేదని తేల్చలేం. కానీ అంకెలను మళ్లీ చూడడానికి అది చాలినంత కారణం.

అలా మళ్లీ చూసినప్పుడు నన్ను ఆపింది ఎవరూ గుర్తు పెట్టని అంకె, పీటీ 10.9. పీటీ ఎక్కువైతే అందరూ కంగారుపడతారు, తక్కువైతే ఎవరూ పట్టించుకోరు. వాన్ విలిబ్రాండ్ వ్యాధి పీటీని తగ్గించదు. రక్తం చాలాసేపు చలిలో ఉంటే మాత్రం ఏడో ఫ్యాక్టర్ ట్యూబ్‌లోనే ముందుగా చురుకై, పీటీ కురచవుతుంది. ఏపీటీటీ పెరిగి, పీటీ మామూలు కంటే తగ్గి, ఎనిమిదో ఫ్యాక్టరూ విలిబ్రాండ్ ఫ్యాక్టరూ రెండూ పడిపోయి కనిపిస్తే, రోగి గురించి ఆలోచించే ముందు పెట్టె గురించి ఆలోచించాలి.

పెట్టె ప్రయాణం

రిపోర్టు మీద శాంపిల్ ల్యాబ్‌కు అందిన సమయం మాత్రమే ఉంది. రక్తం తీసిన సమయం లేదు. కలెక్షన్ సెంటర్‌కు ఫోన్ చేశాం. శాంపిల్ తీసిన కుర్రవాడు ఏదీ దాచకుండా చెప్పాడు. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో రక్తం తీశాడు. ఆ రోజు తీసిన మిగతా శాంపిళ్లతో కలిపి, గడ్డకట్టే పరీక్షల నీలం మూత ట్యూబులు, ప్లేట్‌లెట్ల లెక్కకు తీసిన ఊదా మూత ట్యూబు అన్నీ ఒకే రబ్బరు బ్యాండు వేసి థర్మకోల్ పెట్టెలో నిలబెట్టాడు. అడుగున రెండు, పక్కన రెండు జెల్ ప్యాకులు పెట్టాడు. అవి ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసినవి, రాయిలా గట్టిగా ఉన్నవి. ట్యూబులకూ ప్యాకులకూ మధ్య వార్తాపత్రిక కాగితం కూడా లేదు. పెట్టె రాత్రి బస్సులో బయలుదేరి తెల్లవారి హైదరాబాద్ చేరింది. ల్యాబ్‌లో నమోదై, రక్తాన్ని తిప్పి కణాలనూ ప్లాస్మా అనే ద్రవాన్నీ వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పడేసరికి ఉదయం తొమ్మిదిన్నర దాటింది. అంటే పదిహేడు గంటలపాటు ఆ రక్తం ప్లాస్మా వేరుచేయకుండా, ఐస్‌ను తాకుతూ ఉంది.

"ఐస్ పెట్టకపోతే ఈ ఎండకు శాంపిల్ పాడైపోతుంది కదా మేడమ్, మాకు అలాగే నేర్పారు" అన్నాడతను. అతని ఆందోళన న్యాయమైనదే. మే నెలలో ఖమ్మంలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలు. పార్సిల్ అరలో పెట్టిన పెట్టె దానికంటే ఎక్కువే వేడెక్కుతుంది. ఆ వేడిలో ఐదో ఫ్యాక్టర్, ఎనిమిదో ఫ్యాక్టర్ త్వరగా క్షీణిస్తాయి. అదే పెట్టెలో ఉన్న హార్మోన్ పరీక్షల సీరంకు చలి మేలే చేసింది. అన్నిటికీ ఒకే నియమం అనుకోవడం వల్ల చిక్కు వచ్చింది. గడ్డకట్టే పరీక్షల కోసం నీలం మూత ట్యూబులో, అంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉన్న ట్యూబులో, తీసిన రక్తం ఎండకూ తట్టుకోలేదు, ఐస్‌కూ తట్టుకోలేదు. అది ప్రయాణించవలసింది ఏసీ గది చల్లదనంలో, సుమారు 18 నుంచి 24 డిగ్రీల మధ్య. ఆ ఉష్ణోగ్రతలో కూడా గడువులు వేరువేరు. పీటీకి 24 గంటల వరకు వెసులుబాటు ఉంటుంది, ఏపీటీటీకీ ఎనిమిదో ఫ్యాక్టర్‌కూ నాలుగు గంటలే. అమెరికాలోని ల్యాబ్ ప్రమాణాల సంస్థ సీఎల్ఎస్ఐ మార్గదర్శకాలు చెప్పేదీ, చాలా ల్యాబులు తమ గోడ మీద అతికించుకునేదీ ఇదే. కానీ గోడ ల్యాబ్‌లో ఉంటుంది, పెట్టె సర్దేది ఎక్కడో ఉంటుంది.

జత పరీక్ష

అమ్మాయిని అరగంట ప్రశాంతంగా కూర్చోబెట్టి, తల్లి అంగీకారంతో, అమ్మాయికి కూడా విషయం వివరించి, మళ్లీ రక్తం తీశాం. విలిబ్రాండ్ ఫ్యాక్టర్ భయానికీ, పరుగుకూ, జ్వరానికీ పెరుగుతుంది. కంగారుగా వచ్చి సూది పొడిపించుకున్న పిల్లలో స్వల్ప లోపం కప్పబడిపోవచ్చు. రక్తహీనత ఉన్న అమ్మాయి కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లు తీయాలో ముందే లెక్క కట్టుకుని అంతకు మించలేదు. హార్మోన్ మాత్రలు ఇంకా మొదలుపెట్టకపోవడం మా అదృష్టం. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు విలిబ్రాండ్ ఫ్యాక్టర్‌ను పెంచి ఫలితాన్ని గందరగోళపరుస్తాయి.

మొదటి సిట్రేట్ ట్యూబును అరగంట లోపే సెంట్రిఫ్యూజ్ చేశాం. పీటీ 12.4 సెకన్లు, ఏపీటీటీ 31 సెకన్లు, ఎనిమిదో ఫ్యాక్టర్ 96 శాతం, విలిబ్రాండ్ యాంటిజెన్ 88 శాతం, పనితీరు 84 శాతం వచ్చాయి. నిష్పత్తి 0.95. అన్నీ మామూలే. రెండో ట్యూబును నాలుగు గంటలు గది ఉష్ణోగ్రతలో ఉంచి చేస్తే ఎనిమిదో ఫ్యాక్టర్ 89 శాతానికి తగ్గింది, మిగతావి దాదాపు కదలలేదు. మూడో ట్యూబును, కలెక్షన్ సెంటర్‌లో సర్దినట్టే, గట్టిగా గడ్డకట్టిన జెల్ ప్యాకుల మధ్య థర్మకోల్ పెట్టెలో రాత్రంతా ఉంచి మరునాడు ఉదయం చేశాం. పీటీ 11.1 సెకన్లు, ఏపీటీటీ 40 సెకన్లు, ఎనిమిదో ఫ్యాక్టర్ 44 శాతం, విలిబ్రాండ్ యాంటిజెన్ 51 శాతం, పనితీరు 27 శాతం. నిష్పత్తి 0.53. ఒకే చేతి నుంచి, ఒకే సూదితో, ఒకే నిమిషంలో తీసిన రక్తం మూడు ట్యూబుల్లోకి వెళ్లి, చివరిదానిలో వాన్ విలిబ్రాండ్ వ్యాధిగా మారింది.

ఈ పరీక్షలో మరొక విషయం తెలిసింది. దాన్ని నేను ఇంకా ముఖ్యమైనదిగా భావిస్తున్నాను. మా విభాగంలోని ఆరోగ్యవంతుడైన సహోద్యోగి ఒకరు తన రక్తాన్ని కూడా అదే పెట్టెలో పెట్టడానికి ఇచ్చారు. ఆయనది ఎ గ్రూపు. తాజా ట్యూబులో ఆయన విలిబ్రాండ్ యాంటిజెన్ 124, పనితీరు 118 శాతం. రాత్రంతా ఐస్‌లో ఉన్న ట్యూబులో 101, 79. తగ్గుదల స్పష్టంగా ఉన్నా రెండూ సాధారణ పరిమితిలోనే ఉన్నాయి. ఆయన శాంపిల్ ఆ బస్సులో వచ్చి ఉంటే రిపోర్టు నార్మల్ అని వెళ్లేది, ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు. అమ్మాయిది ఓ గ్రూపు. ఓ గ్రూపువాళ్లలో విలిబ్రాండ్ ఫ్యాక్టర్ మిగతా గ్రూపుల కంటే సగటున పాతిక శాతం దాకా తక్కువగా ఉంటుంది. అంటే కిందికి జారడానికి ఆమెకు ఉన్న చోటు తక్కువ. పైగా చలికి పోయే మోతాదు మనిషికీ మనిషికీ మారుతుంది. "ఎన్నాళ్లుగానో ఇలాగే పంపుతున్నాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు" అనే మాట కలెక్షన్ సెంటర్లలో నిజాయితీగానే వినిపిస్తుంది. దానికి కారణం ఇదే. పెట్టె ప్రతి శాంపిల్‌నూ దెబ్బతీస్తుంది, కానీ కొందరి రిపోర్టులోనే ఆ దెబ్బ గీత దాటి కనిపిస్తుంది.

ఇక ప్లేట్‌లెట్ల సంగతి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన ఊదా మూత ట్యూబులో తీసి పది నిమిషాల్లో మిషన్‌లో పెడితే 2.46 లక్షలు వచ్చాయి. అదే ట్యూబును నాలుగు గంటలు జెల్ ప్యాకుల పక్కన ఉంచి మళ్లీ చూస్తే 96,000. స్లయిడ్ మీద రక్తం పరిచి చూస్తే, పూత అంచున, తక్కువ శక్తి లెన్సుతోనే కనిపించేటంత పెద్ద గుంపులుగా ప్లేట్‌లెట్లు అతుక్కుని ఉన్నాయి. ఒక్కో గుంపులో ముప్పై నలభై. మిషన్ ఇలాంటి గుంపును ఒక ప్లేట్‌లెట్‌గా గుర్తించదు. దాన్ని తెల్లకణంగా లెక్కవేస్తుంది, లేదా అసలు లెక్కలోకే తీసుకోదు. సిట్రేట్ ట్యూబులో తాజాగా చేసిన లెక్క 2.21 లక్షలు. సిట్రేట్ ద్రవం వల్ల రక్తం పలచబడుతుంది కాబట్టి దాన్ని 1.1తో గుణిస్తే 2.43 లక్షలు, తాజా ఈడీటీఏ లెక్కతో సరిపోయింది. ఇది ఈడీటీఏ వల్ల కలిగే బూటకపు ప్లేట్‌లెట్ లోపం. ఈడీటీఏ కాల్షియంను లాగేసినప్పుడు ప్లేట్‌లెట్ ఉపరితలంలో బయటపడే ఒక భాగాన్ని కొందరి రక్తంలోని యాంటీబాడీలు పట్టుకుంటాయి. వేయిమందిలో ఒకరికి అటూ ఇటూగా కనిపించే ఈ లక్షణం ట్యూబులో తప్ప శరీరంలో ఏ హానీ చేయదు. సమయం గడిచేకొద్దీ, చల్లబడేకొద్దీ గుంపులు పెరుగుతాయి. మొదటి రిపోర్టులోని 78,000 అలా వచ్చినదే. ఆ రోజు మిషన్ ప్లేట్‌లెట్ గుంపులు అని హెచ్చరిక ఇచ్చి ఉండాలి. స్లయిడ్ చూసిన దాఖలా మాత్రం రిపోర్టులో లేదు.

అయినా ఇక్కడితో ఆగడం సరికాదు. నిజమైన 2బి రకంలో కూడా స్లయిడ్ మీద ప్లేట్‌లెట్ గుంపులు కనిపించవచ్చు. దాన్ని తేల్చే పరీక్ష ఒకటి ఉంది. ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్న ప్లాస్మాలో రిస్టోసెటిన్‌ను చాలా తక్కువ మోతాదులో, మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు, కలిపి చూస్తారు. ఆరోగ్యవంతుల ప్లేట్‌లెట్లు ఆ మోతాదుకు కదలవు, 2బి రోగులవి గుమిగూడతాయి. ఈ పరీక్షకు ప్లేట్‌లెట్లు సజీవంగా, నిబ్బరంగా ఉండాలి. రక్తం తీసిన నాలుగు గంటల్లో పూర్తికావాలి. పెట్టెలో, బస్సులో, ఐస్‌లో దీన్ని పంపే మార్గం లేదు, మనిషే రావాలి. అమ్మాయి మా దగ్గరే ఉంది గనుక చేయగలిగాం. తక్కువ మోతాదుకు గ్రాఫు గీత అడ్డంగా, ఏ మార్పూ లేకుండా సాగింది. మిల్లీలీటరుకు 1.2 మిల్లీగ్రాముల మామూలు మోతాదుకు ప్లేట్‌లెట్లు చక్కగా గుమిగూడాయి. 2బి కాదని అక్కడ తేలింది.

చలి ఏం చేస్తుంది

చలికి విలిబ్రాండ్ ఫ్యాక్టర్ ఎందుకు పోతుందన్నది ఊహించడం కష్టం కాదు, రక్తనిధిలో పనిచేసినవారికి మరీ తేలిక. ఎనిమిదో ఫ్యాక్టరూ, విలిబ్రాండ్ ఫ్యాక్టరూ, ఫైబ్రినోజెనూ చల్లటి ప్లాస్మాలో అడుగుకు చేరే స్వభావం ఉన్న ప్రోటీన్లు. 1964లో స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ పూల్ గమనించిందీ అదే. ఘనీభవింపజేసిన ప్లాస్మాను చలిలోనే నెమ్మదిగా కరిగిస్తే అడుగున మిగిలే తెల్లటి పదార్థంలో ఎనిమిదో ఫ్యాక్టర్ దండిగా ఉంటుందని ఆమె చూపారు. ఎనిమిదో ఫ్యాక్టర్ లోపించే హిమోఫీలియా రోగులకు ప్రాణం పోసిన క్రయోప్రెసిపిటేట్ అలా పుట్టింది, ఇప్పటికీ మన రక్తనిధుల్లో తయారవుతోంది. రోగికి ఉపకరించిన ఆ గుణమే పరీక్ష ట్యూబులో అపకారం చేస్తుంది. ప్లాస్మా వేరుచేయని రక్తంలో దీనికి ప్లేట్‌లెట్లు కూడా తోడవుతాయి. చలి తగిలిన ప్లేట్‌లెట్లు పళ్లెం ఆకారం వదిలి గుండ్రంగా, ముళ్లు ముళ్లుగా మారతాయి. వాటి ఉపరితలం మీద విలిబ్రాండ్ ఫ్యాక్టర్‌ను పట్టుకునే గ్రాహకాలు ఒక చోటికి చేరతాయి. పెద్ద అణువులు ముందుగా వాటికి అంటుకుంటాయి. సెంట్రిఫ్యూజ్ తిప్పినప్పుడు ఇదంతా కణాలతో పాటు అడుగుకు వెళ్లిపోతుంది, పైన తేలిన ప్లాస్మానే మనం పరీక్షిస్తాం. పనితీరును ఎక్కువగా నడిపించేవి ఆ పెద్ద అణువులే కాబట్టి యాంటిజెన్ కంటే పనితీరు ఎక్కువ పడిపోతుంది, నిష్పత్తి తగ్గుతుంది, రెండో రకం వ్యాధిలా కనిపిస్తుంది. రక్తనిధుల్లో ప్లేట్‌లెట్ సంచులను ఫ్రిజ్‌లో పెట్టకుండా 20 నుంచి 24 డిగ్రీల దగ్గర మెల్లగా ఊపుతూ ఉంచడానికి కారణం కూడా ప్లేట్‌లెట్లకు చలి పడకపోవడమే.

వెచ్చబెడితే ఈ నష్టం పూడుతుందా అని మా జూనియర్లు అడిగారు. ఫ్రిజ్‌లో ఉంచిన సిట్రేట్ రక్తాన్ని 37 డిగ్రీలకు తెచ్చి పరీక్షించి దాన్నే రిపోర్టు చేయడాన్ని నేను ఒప్పుకోను. ఒకసారి చురుకైన ఏడో ఫ్యాక్టర్‌ను వెనక్కి తిప్పలేం. శాంపిల్‌ను తిరస్కరించి కొత్తది అడగడమే మార్గం.

ప్రయాణంలో ఎదురయ్యే మిగతా చిక్కులు

ఈ కేసులో దోషం చలిది. కానీ ఫలితం తారుమారయ్యే దారులు చాలా ఉన్నాయి, కొన్నిటి వల్ల రోగికి ఇంతకంటే తక్షణ ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డ్రిప్ మీద ఉన్న రోగి ఏపీటీటీ శాంపిల్ ఒక ఉదాహరణ. ప్లేట్‌లెట్ల నుంచి ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 అనే ప్రోటీన్ మెల్లగా బయటికి వచ్చి ట్యూబులోని హెపారిన్‌ను అణచివేస్తుంది. గంటలోపు ప్లాస్మా వేరుచేయకపోతే ఏపీటీటీ నిజం కంటే తక్కువ వస్తుంది, మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచుతారు. వార్డు నుంచి ల్యాబ్‌కు ఒక్క అంతస్తు దూరంలో ఉన్నా, ట్రేలో రెండు గంటలు పడి ఉంటే అది కూడా ప్రయాణమే.

ట్యూబు నింపడంలో తేడా గురించి ఎంత చెప్పినా తక్కువే. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అన్న లెక్కతో తయారైన ట్యూబులో గీత వరకు రక్తం పడాలి. సగం నింపితే సిట్రేట్ ఎక్కువై ఏపీటీటీ ఊరకే పెరుగుతుంది. మోటారు సైకిల్ హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో కుదుపులకు నురగ కట్టి, ఎర్రకణాలు చితికి వచ్చే ట్యూబులనూ చూస్తూనే ఉన్నాం. పెద్ద ఆసుపత్రుల్లో గాలి ఒత్తిడితో ట్యూబులను పంపే గొట్టాల వ్యవస్థ పీటీ, ఏపీటీటీలను సాధారణంగా పెద్దగా మార్చదు గానీ, అందులోని వేగానికీ హఠాత్తుగా ఆగడానికీ ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. అందుకే ప్లేట్‌లెట్ పనితీరు పరీక్షల శాంపిళ్లను మా అటెండర్ చేత్తోనే తెస్తాడు.

వానాకాలం చివర డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. కష్టంగా దొరికిన నరం నుంచి నెమ్మదిగా తీసిన రక్తంలో చిన్న గడ్డ ఏర్పడి ఉంటే, అది ప్లేట్‌లెట్లను మింగేసి లెక్కను 30,000కు దింపుతుంది. పుల్లతో ట్యూబు అడుగు వెతికి, స్లయిడ్ చూసిన తరువాతే ఆ అంకెను బయటికి పంపాలి. ఒక్క అంకెను నమ్మి ప్లేట్‌లెట్లు ఎక్కించిన సందర్భాలు ప్రతి సీజన్‌లోనూ ఎదురవుతున్నాయి, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

తరువాత జరిగినది

అమ్మాయికి ఒక్కసారి నార్మల్ వచ్చిందని సరిపెట్టలేదు. విలిబ్రాండ్ ఫ్యాక్టర్ రోజురోజుకూ మారుతుంది కాబట్టి, తరువాతి నెలసరి మొదటి రోజుల్లో మళ్లీ మా దగ్గరే చేశాం. యాంటిజెన్ 82, పనితీరు 79 శాతం వచ్చాయి. వాన్ విలిబ్రాండ్ వ్యాధి లేదని లిఖితపూర్వకంగా ఇచ్చాం. రక్తస్రావానికి కారణం అండం సరిగా విడుదల కాని నెలసరులేనని స్త్రీవైద్య నిపుణురాలు నిర్ధారించి, నెలసరి రోజుల్లో రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, మిగతా రోజుల్లో ఐరన్ ఇచ్చారు. కొన్ని నెలల్లో హిమోగ్లోబిన్ 11 దాటింది. తమ్ముడికి పరీక్షల అవసరం లేదని తల్లికి చెప్పాను. ఆమె ఆ మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని అడిగారు, ఇచ్చాను. మేనరికం గురించి అత్తగారికి చూపించడానికి అది ఆమెకు కావాలి. ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుమిగూడే లక్షణం జీవితాంతం ఉండవచ్చు కాబట్టి, రేపు కాన్పు సమయంలోనో ఆపరేషన్‌కు ముందో మరెవరైనా భయపడకుండా, ఆమెకు లెక్క సిట్రేట్ ట్యూబులో చేయాలని ఒక కార్డు రాసి ఫైలులో పెట్టించాం.

కలెక్షన్ సెంటర్‌తో మాట్లాడినప్పుడు తెలిసింది, వాళ్ల దగ్గర చిన్న సెంట్రిఫ్యూజ్ ముందు నుంచే ఉంది, సీరం పరీక్షలకు వాడుతున్నారు. ఫ్యాక్టర్ పరీక్షల శాంపిల్ దూరం వెళ్లాలంటే రక్తాన్ని అక్కడే తిప్పి, తెల్లకణాల పొరను తాకకుండా పైనున్న ప్లాస్మాను ప్లాస్టిక్ పిపెట్‌తో తీసి, రెండోసారి తిప్పి, అడుగు భాగం వదిలేసి చిన్న గొట్టాల్లో పోసి ఘనీభవింపజేసి డ్రై ఐస్‌లో పంపాలి. ఒక్కసారే తిప్పితే ప్లాస్మాలో మిగిలిపోయిన ప్లేట్‌లెట్లు ఘనీభవించినప్పుడు పగిలి, వాటి కొవ్వు పదార్థం లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీల కోసం చేసే పరీక్షను తప్పుగా నెగెటివ్ చూపిస్తుంది. మైక్రోలీటరుకు 10,000 కంటే తక్కువ ప్లేట్‌లెట్లు మిగలడమే లక్ష్యం. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ పనికిరాదు. దానంతట అదే మంచు కరిగించుకునే రకం రోజూ కాసేపు వెచ్చబడుతుంది, కరెంటు పోయినా అంతే. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన ప్లాస్మాలో ఎనిమిదో ఫ్యాక్టర్ నిలవదు. డ్రై ఐస్ దొరకని ఊరి నుంచి అయితే శాంపిల్‌ను పంపవద్దని, రోగినే పంపమని చెప్పాం. పీటీ, ఏపీటీటీ మాత్రమే అయితే దగ్గరలోని జిల్లా కేంద్రంలో చేయించుకోవచ్చు.

మామూలు సిట్రేట్ ట్యూబుల కోసం ఇప్పుడు వాళ్లు వేరే పెట్టె పెట్టారు. అందులోని జెల్ ప్యాకులను ఫ్రీజర్‌లో కాకుండా ఏసీ గదిలో ఉంచి తీస్తారు. బయటి ఎండ నుంచి కాపాడడానికి ఆ మాత్రం చాలు, లోపల పెట్టిన చిన్న థర్మామీటరు చదివి పంపేటప్పుడూ అందినప్పుడూ రాస్తారు. మా అభ్యర్థన పత్రం మీద రక్తం తీసిన సమయం, ప్లాస్మా వేరుచేసిన సమయం అని రెండు గళ్లు చేర్చాం. అవి ఖాళీగా ఉంటే పరీక్ష మొదలుపెట్టకముందే ఫోన్ చేస్తాం. బయటి నుంచి వచ్చిన శాంపిల్‌లో విలిబ్రాండ్ ఫ్యాక్టర్ తక్కువ వస్తే, రక్తం చలిలో ఉన్న అవకాశం లేదని తెలిసినా సరే, రోగి వచ్చి తాజా రక్తం ఇచ్చేంతవరకు రిపోర్టులో వ్యాధి పేరు రాయడం మానేశాం.